అశోక చక్రవర్తి - మూగజీవుల శాసనము

లోకమున రాజులనేకులు పుట్టిరి, ఏలిరి, గతించిరి. వారిలో పెక్కండ్రను వారు గెలిచిన యుద్ధములనుబట్టియో, కట్టించిన కోటలనుబట్టియో మనము జ్ఞప్తియందుంచుకొనుచున్నాము. చిలుకను చంపరాదు, గోరువంకను చంపరాదు, ఉడుతను చంపరాదు అని రాతిమీద చెక్కించిన రాజులు ఎందరు గలరు? అట్టివాడొకడు మన భరతఖండముననే యుండెను. మన జాతీయ పతాకము నడుమ నున్న చక్రమును, నాణెములమీద కనబడు సింహములును ఆతడు నిలిపిన స్తంభమునుండి గ్రహింపబడినవే. ఆతడే మౌర్యవంశజుడగు అశోక చక్రవర్తి. కళింగయుద్ధమును, బౌద్ధధర్మ వ్యాప్తిని గూర్చి మా విద్యార్థులు చరిత్ర పాఠములలో చదివియే యుందురు. ఆతడు మూగజీవుల కొరకు చేసిన కట్టడులను గూర్చి మాత్రము అంతగా విని యుండరు. కావున ఈ సంచికలో ఆ మహనీయుని జీవితమును ఆ వైపునుండి వివరింపదలచితిమి.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. నేడు పాట్నా యని పిలువబడు పాటలీపుత్రము ఆ వంశమువారి రాజధాని. క్రీస్తునకు పూర్వము 268వ సంవత్సర ప్రాంతమున ఆతనికి పట్టాభిషేకము జరిగెను. ఆతని యౌవనమును గూర్చి బౌద్ధ గ్రంథములలో వింతకథలు పెక్కులు గలవు. సింహాసనము కొరకు అన్నదమ్ములను చంపించిన క్రూరుడని అవి చెప్పుచున్నవి. అయితే ఆతడు వ్రాయించిన శాసనములలోనే తన సోదరుల కుటుంబముల క్షేమమును గూర్చిన ప్రస్తావన యుండుటచేత, ఆ కథలను ఉన్నవి యున్నట్లు నమ్ముట కష్టము. కథల కంటె రాళ్లే మనకు నమ్మదగిన సాక్షులు. ఆ రాళ్లు చెప్పినంతవరకే మేమును చెప్పుదుము.

పట్టాభిషిక్తుడైన ఎనిమిది సంవత్సరములకు ఆతడు కళింగదేశముపై దండెత్తెను. నేటి ఒడిషా తీరప్రాంతమే నాటి కళింగము. ఆ యుద్ధమున లక్షమంది చంపబడిరి. లక్షయేబది వేలమంది చెరపట్టబడి స్వస్థలమునుండి తరలింపబడిరి. అంతకు అనేకరెట్లు జనులు యుద్ధానంతర బాధలచేత నశించిరి. ఈ లెక్కలు శత్రువులు వ్రాసినవి కావు; గెలిచిన రాజే తన తప్పును ఒప్పుకొనుచు చెక్కించినవి. గెలుపును ఇట్లు దుఃఖముతో ప్రకటించిన రాజు చరిత్రలో మిక్కిలి అరుదు. నాటినుండి ఆతని మనస్సు మారెను. కత్తితో గెలుచుటకంటె ధర్మముతో గెలుచుటయే నిజమైన విజయమని ఆతడు నిశ్చయించుకొనెను.

ఇచట మన తెలుగువారు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. ఈ పశ్చాత్తాప శాసనమును అశోకుడు కళింగములోని ధౌళియందు గాని, జౌగడయందు గాని చెక్కింపలేదు. గాయపడినవారి కన్నులయెదుట వారి గాయమును మరల చూపుట ఆతనికి ఇష్టము లేకపోయె నేమో! మన కర్నూలు జిల్లాలో గుత్తికి చేరువ నున్న ఎఱ్ఱగుడి బండలమీద మాత్రము అది చెక్కబడి యున్నది. అంతియేకాదు. తన ధర్మమును అనుసరించు జనులను పేర్కొనుచు ఆతడు ఆంధ్రుల పేరును ఆ శాసనముననే చేర్చినాడు. 1929వ సంవత్సర ప్రాంతమున ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొనువరకు ఆ బండలమీది వ్రాత యేమో లోకమునకు తెలియదు. ఆ చుట్టుపట్ల పశువుల కాపరులు తరతరములుగా దానిని చూచుచునే యుండిరి గాని, అది తమ పూర్వులను పేర్కొన్న చక్రవర్తి మాట యని వారెట్లు ఎరుగుదురు?

ఎఱ్ఱగుడియందే చెక్కబడిన పదునాలుగు శాసనములలో మొదటిది మన ప్రస్తుత విషయమునకు ఆయువుపట్టు. అది రాజ్యమునకు సంబంధించిన గొప్ప సంగతితో మొదలుకాలేదు. రాజుగారి వంటయింటితో మొదలైనది. ఒకప్పుడు ఆ వంటయింటిలో కూరల నిమిత్తము ప్రతిదినమును లక్షలాది ప్రాణులు చంపబడుచుండెనట. ఈ శాసనము వ్రాయబడునాటికి ఆ సంఖ్య మూడునకు దిగినది: రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడియైనను ప్రతిదినము కాదు. ముందు ముందు ఈ మూడింటిని కూడ చంపబోమని ఆతడు మాట యిచ్చెను. ప్రాణులను చంపి బలియిచ్చుటయు కూడదని ఆ శాసనముననే నిషేధించెను.

విద్యార్థులారా, ఇందలి నిజాయితీని గమనింపుడు. ఆతడు చక్రవర్తి. మా వంటయింట ఒక్క ప్రాణియు చావదని చెక్కించినచో కాదనగలవారెవరు? కాని ఆ దినమునాటికి ఇంకను మూడు చచ్చుచున్నవి గనుక మూడని చెక్కించినాడు. తనలో మిగిలియున్న లోపమును దేశమంతటను బండలమీద వ్రాయించి, అందరు చూచుచుండగా దానిని దిద్దుకొన పూనినాడు. ఇతరులకు కట్టడి చేయబోవు ముందు తన పళ్లెమును చక్కబెట్టుకొనిన పాలకుని మాటకు బలము వేరు.

వంటయింటి తరువాత వేట. పూర్వపు రాజులు విహారయాత్రలని పేరుపెట్టి అడవులలో వేటాడుచు వినోదించెడివారు. పట్టాభిషేకము జరిగి పది సంవత్సరములైన పిమ్మట అశోకుడు ఆ ఆచారమును మానుకొనెను. బుద్ధుడు జ్ఞానము పొందిన బోధగయకు పోయి, అది మొదలు ధర్మయాత్రలు సాగించెను. పెద్దలను దర్శించుట, వృద్ధులకు ధనసహాయము చేయుట, పల్లెప్రజలతో మాటలాడుట ఆ యాత్రలలోని పనులు. ఇప్పటి ఆఫ్‌ఘనిస్థానములోని కాందహారునందు గ్రీకు, అరమాయిక్ అను రెండు భాషలలో వ్రాయబడిన ఆతని శాసనము 1958లో దొరకినది. రాజు ప్రాణిహింస మానెననియు, ఆతనిని చూచి రాజుగారి వేటగాండ్రును, జాలరులును తమ వేటను మానిరనియు దానివలన తెలియుచున్నది. యజమానుడు మారగా సేవకులు మారిరి. ఒక్క ఇంటి మార్పు సామ్రాజ్యపు టెల్లవరకు పోయి పరభాషలో చెక్కబడినది.

హింస మానుట యొకటి, మేలుచేయుట మరియొకటి. అశోకుడు రెండవదానిని కూడ మరువలేదు. మనుష్యులకును పశువులకును వేరువేరుగా చికిత్సలు ఏర్పరచెను. తన రాజ్యమునందే కాక పొరుగున నున్న చోళ, పాండ్య, కేరళపుత్రుల దేశములలోను, సింహళమునందును ఈ యేర్పాట్లు చేసినట్లు వ్రాయించెను. మందుచెట్లు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించెను. బాటల ప్రక్కల మఱ్ఱిచెట్లు వేయించి, ఆ నీడ పశువులకును మనుష్యులకును అని వ్రాయించినాడు; పశువులను ముందు చెప్పి మనుష్యులను వెనుక చెప్పినాడు. బావులు త్రవ్వించి, చలివేంద్రములు పెట్టించి, వాటినిగూడ ఉభయులకును ఉద్దేశించెను.

ఇట్లు ఇంటిని, తన అలవాటులను, బాటలను చక్కబెట్టుకొన్న తరువాతనే ఆతడు దేశమునకు కట్టడి చేసెను. అది పట్టాభిషేకమునకు ఇరువదియారు సంవత్సరముల తరువాత, అనగా క్రీస్తునకు పూర్వము 242వ సంవత్సర ప్రాంతమున జరిగినది. ఈసారి బండలమీద కాదు. అద్దమువలె మెరయు నునుపైన రాతిస్తంభములమీద ఆ శాసనము చెక్కబడెను. ఢిల్లీ, అలహాబాదులలో నేడున్న స్తంభములమీదను, బీహారులోని లౌరియా స్తంభములమీదను దానిని చూడవచ్చును. పండితులు దానిని అయిదవ స్తంభశాసన మందురు. వన్యప్రాణులను పేరుపేరున కాపాడ జేసిన రాజశాసనములలో అది ప్రపంచమున మిక్కిలి ప్రాచీనమైన వాటిలో నొకటి.

అందులో చంపరాని జీవుల జాబితా యున్నది. మొదటి పేరు చిలుక. దాని వెంట గోరువంక. తరువాత చక్రవాకము, హంస, గబ్బిలము, తాబేలు, ఏదుపంది, ఉడుత, అచ్చుబోసి వదలిన ఆబోతు, ఖడ్గమృగము, తెల్లపావురము, ఊరపావురము మొదలగునవి వచ్చును. చీమలలో ఒక జాతియు, ముళ్లులేని చేపయు గూడ అందు చేర్చబడెను. కొన్ని పేర్లు ఏ జీవులవో పండితులు నేటికిని చర్చించుచునే యున్నారు. జాబితా చివరను, తినుటకు గాని మరి యే యుపయోగమునకు గాని రాని నాలుగుకాళ్ల జంతువులన్నియు చంపదగనివని చెప్పబడినది. మనుష్యునకు ఉపయోగింపదు గనుక దానిని చంపిన నేమి యని మనము తలంతుము. ఉపయోగింపదు గనుకనే దానిని చంపుటకు కారణము లేదని ఆతడు తలచెను.

జాబితాతో శాసనము ముగియలేదు. సూడితో నున్నవియు, పాలిచ్చుచున్నవియు నగు మేకలను, గొఱ్ఱెలను, ఆడుపందులను చంపరాదు. ఆరు నెలలు నిండని వాటి పిల్లలను చంపరాదు. కోడిపుంజులకు విత్తులు తీయరాదు. పురుగులున్న ఊకను తగులబెట్టరాదు. నిష్కారణముగా గాని, ప్రాణులను చంపుటకై గాని అడవులకు నిప్పు పెట్టరాదు. ఒక ప్రాణిని మరియొక ప్రాణికి మేతగా వేయరాదు. ఋతువు మొదట వచ్చు మూడు పున్నములనాడును, పుష్య పున్నమనాడును, వాటికి ముందువెనుకల దినములందును, ఉపవాస దినములందును చేపలను పట్టరాదు, అమ్మరాదు. ఆ దినములలోనే ఏనుగుల అడవులయందును, జాలరుల మడుగులయందును తక్కిన జీవులను కూడ చంపరాదు. మరికొన్ని తిథులందు కోడెలకు, పొట్టేళ్లకు విత్తులు కొట్టరాదు. గుఱ్ఱములకును ఎడ్లకును వాతలు పెట్టరాదు.

ఈ కట్టడుల వెనుక నున్న యోచనను విడదీసి చూతము. పేరుపేరున చెప్పిన జీవులకు ఎల్లకాలము రక్షణ. ఇది మొదటి సూత్రము. తల్లులకును పిల్లలకును రక్షణ, ఇది రెండవది. తల్లి చచ్చినచో పిల్లలును నశించును, సంతతి యంతరించును. కొన్ని దినములందు వేటకు విరామము, ఇది మూడవది. జీవులుండు తావులకు రక్షణ, ఇది నాలుగవది. అడవి కాలిపోయినచో అందలి పక్షిని చంపరాదనుటవలన ప్రయోజన మేమి? నేటి కాలపు వన్యప్రాణి చట్టములను తెరచి చూచినను ఈ సూత్రములే కనబడును. ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వము ఒక రాజు వీటినన్నిటిని ఒకే స్తంభముమీద చెప్పియుండుట ఆశ్చర్యము గాదా?

చేపలు పట్టి బ్రదుకు బీదవానిని ఆతడు మరచిపోలేదనియు ఇందువలన తెలియుచున్నది. చేపలవేటను ఏడాది పొడుగున నిషేధించినచో జాలరి ఇంట పొయ్యి రాజదు. కావున కొన్ని దినములనే నిర్ణయించినాడు. గొఱ్ఱెలను, మేకలను అసలే చంపరాదని కూడ ఆతడు శాసింపలేదు. తనకు తాను విధించుకొన్న నియమము కఠినము. ప్రజలకు విధించినది మితము. కఠినమైన దానిని ఇతరులకు చెప్పి, సులభమైన దానిని తమకు ఉంచుకొనువారు లోకమున ఎక్కువ. అశోకుడు దీనిని తారుమారు చేసెను.

అశోకునిలో లోపములు లేవని చెప్పుట మా యుద్దేశము కాదు. అడవులలో నివసించు జనులను గూర్చి మాటలాడునపుడు, తనకు పశ్చాత్తాపము గలిగినను శిక్షింపగల బలమును గలదని ఆతడు హెచ్చరించినాడు. మరణశిక్షను ఆతడు తీసివేయలేదు. శిక్ష పడినవారికి మూడు దినముల గడువు మాత్రము ఇప్పించెను. ఉడుతకు అభయమిచ్చిన రాజ్యములో మనుష్యునకు ఉరి మిగిలి యుండుట మనకు వింతగా తోచవచ్చును. అయినను వంటయింటి మూడు ప్రాణులవలెనే దీనిని కూడ ఆతడు దాచక చెక్కించినాడు గనుకనే మనకు నేడు తెలియుచున్నది.

మరియొక విశేషము. కౌటిల్యుని పేర ప్రసిద్ధమైన అర్థశాస్త్రములో గూడ పశుపక్షులను కాపాడు నియమములు గలవు. అందు దూడను, ఆబోతును, పాడియావును చంపినవానికి ఏబది పణముల జరిమానా చెప్పబడెను. అభయారణ్యములలో వేటాడినవానికి దండన గలదు. అశోకుని అయిదవ స్తంభశాసనములో మాత్రము జరిమానా గాని, చెర గాని, దెబ్బలు గాని ఎచ్చటను చెప్పబడలేదు. చేయరాదని మాత్రమే యున్నది. శిక్ష చెప్పని శాసనమును ఎవరు పాటింతురు? ఈ ప్రశ్న మనకు కలుగక మానదు. ఆ రాజునకు గూడ కలిగియే యుండును. ఏలయన, మరుసటి సంవత్సరమే ఆతడు దానికి సమాధానము వ్రాయించెను.

అది ఏడవ స్తంభశాసనము. ఒక్క స్తంభముమీద మాత్రమే అది మనకు దక్కినది. ధర్మము వృద్ధియగుటకు రెండు మార్గములున్నవని అందు ఆతడు చెప్పుచున్నాడు. ఒకటి కట్టడి, రెండవది నచ్చజెప్పుట, అనగా మనుష్యుడు తనంతట తాను ఆలోచించుకొని గ్రహించునట్లు చేయుట. కట్టడికి ఉదాహరణముగా ఆతడు చూపినది ఏమనుకొన్నారు? ఫలానా ఫలానా జీవులను చంపరాదని తాను చేసిన శాసనమునే! తరువాత, కట్టడివలన కలిగిన ఫలము స్వల్పమనియు, నచ్చజెప్పుటవలన కలిగినదే అధికమనియు స్పష్టముగా తేల్చినాడు.

సామాన్యముగా శాసనకర్తలు తమ శాసనమును పొగడుకొందురు. ఈతడు తన శాసనమును తానే తూచి, అది చిన్నదని చెప్పినాడు. అట్లని దానిని రద్దుచేయనూ లేదు. కట్టడి యుండవలెను, అది హద్దును చూపును. హద్దును దాటకుండ ఆపునది మాత్రము లోపల నుండవలెను. మా తలంపున అశోకుని జీవితమంతయు ఈ యొక్క సంగతిలో నిమిడియున్నది. ఆతని రాజ్యము పోయినది, వంశము పోయినది. ఈ అనుభవము మాత్రము ఇంకను పాతబడలేదు.

అశోకుడు క్రీస్తునకు పూర్వము 232వ సంవత్సర ప్రాంతమున మరణించెను. చివరి దినములలో సర్వమును దానము చేసి, తన చేత మిగిలిన సగము ఉసిరికాయను గూడ భిక్షుసంఘమునకు అర్పించెనని బౌద్ధుల కథ యొకటి గలదు. ఆతని తరువాత ఏబది సంవత్సరములైన నిండకమునుపే మౌర్యరాజ్యము అంతరించెను. ఆ వెనుక ఆతని లిపిని చదువుటయే జనులు మరచిరి. పదునాలుగవ శతాబ్దమున ఫిరోజిషా తుగ్లకు సుల్తాను తోప్రానుండియు, మీరటునుండియు రెండు స్తంభములను మిక్కిలి శ్రమతో ఢిల్లీకి తెప్పించెను. వాటిమీది వ్రాతను చదువగల పండితుడు ఆతనికి ఒక్కడును దొరకలేదు. ఏడవ శాసనమున్న స్తంభము ఆ తోప్రా స్తంభమే. చిలుకలకును ఉడుతలకును అభయమిచ్చిన మాటలు రాజధాని నడుమ నిలిచియు, వినువారు లేక మూగవైయుండెను. కలకత్తా టంకశాలలో ఉద్యోగియగు జేమ్సు ప్రిన్సెపు 1837లో ఆ లిపిని చదువగలిగెను. 1915లో నాటి హైదరాబాదు సంస్థానములోని మాస్కియందు దొరకిన శాసనమున అశోకుడను పేరే కనబడుటతో, ప్రియదర్శి యను రాజు అశోకుడే యనుట నిస్సంశయమైనది.

రాళ్లు మాటలాడుట నేర్చిన కాలముననే మన దేశమున క్రొత్త చట్టములును పుట్టసాగెను. తెలుగు జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానిలో 1873వ సంవత్సరమున అడవి ఏనుగుల రక్షణకై చట్టము చేయబడెను. ఏనుగుల అడవులను గూర్చి అశోకుడు వ్రాయించిన రెండువేల సంవత్సరములకు మరల ఏనుగును తలచిరన్నమాట. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన రాజ్యాంగము అడవి జంతువుల సంగతిని మొదట రాష్ట్రములకే అప్పగించెను. అందుచేత ఒక్కొక్క రాష్ట్రములో ఒక్కొక్క విధమైన నియమ ముండెడిది. పులికి గాని, కొంగకు గాని రాష్ట్రముల పొలిమేరలు తెలియవు గదా! ఈ లోపమును తీర్చుటకై పదునొకండు రాష్ట్రముల శాసనసభలు, దేశమంతకు ఒకే చట్టము పార్లమెంటు చేయవలసినదని తీర్మానములు చేసెను. ఆ రాష్ట్రముల వరుసలో మొదటి పేరు నాటి ఆంధ్రప్రదేశముదే. ఆ తీర్మానములనుబట్టి 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము ఏర్పడెను.

ఆ చట్టపు మొదటి షెడ్యూలులో, అనగా మిక్కిలి గట్టి రక్షణగల జీవుల పట్టికలో, ఖడ్గమృగము పేరున్నది. అశోకుని జాబితాలోను అది యున్నది. అదే షెడ్యూలులో నెమలి పేరును గలదు. ఒకనాడు రాజుగారి వంటయింటికి ప్రతిదినమును రెండు చొప్పున పోవుచుండిన నెమలి 1963లో మన జాతీయపక్షి యయ్యెను. కాలచక్రము ఎట్లు తిరిగినదో చూడుడు!

ఇక జాబితాలోని మొదటి పేరును మరల తలచుకొందము. చిలుక! మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరములో నుంచి పెంచుటయు నేటి చట్టముచేత నిషిద్ధము. ఈ సంగతి ఎందరికి తెలియును? ఎన్ని వసారాలలో, ఎన్ని దుకాణముల ముంగిళ్లలో చిలుక పంజరములు నేటికిని వ్రేలాడుచున్నవి! చిలుకజోస్యము వినుటకు మనము రూపాయి యిచ్చుచున్నాము. రెక్కలు కత్తిరింపబడిన ఆ పక్షి జోస్యమేమో మనకు అక్కరలేదు. దానిని పెంచువారందరు క్రూరులని మేము అనము. తమ బిడ్డలకంటె ఎక్కువగా చూచుకొను ఇల్లాండ్రును గలరు. పండు పెట్టుదురు, పేరు పెట్టుదురు, పలుకులు నేర్పుదురు. ఎవరును వారికి నచ్చజెప్పలేదు. అంతే. అటవీశాఖవారు వచ్చి పంజరము తీసికొనిపోయినచో అది కట్టడివలన జరిగిన పని యగును. ఆ యింటి చిన్నవాడు తల్లితోను, అమ్మమ్మతోను మృదువుగా మాటలాడి ఒప్పించినచో, అది అశోకుడు అధికమని చెప్పిన రెండవ మార్గము. అయితే పంజరములో పెరిగిన చిలుకకు ఆహారము వెదకికొనుట రాదు గనుక, తొందరపడి తలుపు తీసి గాలిలోనికి విడువరాదు. అటవీశాఖవారికి తెలిపి వారిచేతికి అప్పగింపవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. సెలవులలో మీ పిల్లలను వెంటబెట్టుకొని ఎఱ్ఱగుడికి పొండు. ఆ బండలమీది అక్షరములు మనకు చదువరాకపోయినను ఫరవాలేదు. రెండు నెమళ్లు, ఒక లేడి అని తన ఇంటి లెక్కను దాచక చెప్పిన రాజు మాట ఇచ్చటనే యున్నదని వారికి చూపుడు. బాలబాలికలారా, మీకును ఒక మాట. ఉండేలు పట్టుకొని చెట్టు క్రింద నిలిచినపుడు మిమ్ము చూచువారెవరును ఉండకపోవచ్చును. చట్టము అంత దూరము రాలేదు. ఆ క్షణమున కొమ్మమీది గోరువంకకు అభయ మీయవలసిన శాసనకర్తలు మీరే.